యాంటీఎక్స్ చేసినవాళ్లకి, గోడకి కాగితం అంటించి వెళ్లిన పెద్దాయనకి

మా హైస్కూలు ల్యాబులో ఆఖరి కంప్యూటర్ ఈ మధ్యాహ్నమే లేచింది. కళ్లు మండుతున్నాయి, నడుము పట్టేసింది. అయినా ఈ థాంక్స్ ఉత్తరం ఇవాళే రాసెయ్యాలి, రేపటికి వాయిదా వేస్తే ఎవరో ఒకరు జారిపోతారు.

అవి కోర్ టూ డుయో ప్రాసెసర్, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్ బాపతు డెస్క్‌టాపులు. ఇప్పుడు వాటి మీద విండోస్ బదులు యాంటీఎక్స్ 23 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోంది. యాంటీకాపిటలిస్టా అనే మారుపేరుతో గ్రీసు నుంచి పనిచేసే ఒక మనిషి, ఆయనతో పాటు కొద్దిమంది వాలంటీర్లు, డెబియన్ 12 అనే మరో లినక్స్ పునాదిగా దీన్ని తయారుచేసి ఉచితంగా ఇస్తున్నారు. మెషీన్ లేచేటప్పుడు సర్వీసులన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ ఇందులో లేదు. బరువైన డెస్క్‌టాప్ బదులు ఐస్‌డబ్ల్యూఎమ్ అనే చిన్న విండో మేనేజరు ఉంటుంది. లాగిన్ అయ్యాక ఏమీ తెరవకపోతే 200 ఎంబీ అటూ ఇటూ తీసుకుంటుంది, మిగతా ర్యామ్ అంతా పిల్లల పనికే. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి పాతకాలపు 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలరే లేదు. యాంటీఎక్స్ 23కి మాత్రం 32 బిట్ ఐఎస్ఓ (పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి ఇన్‌స్టాల్ చేసే ఫైలు) కూడా ఉంది. పాత మెషీన్‌ని వదిలెయ్యకూడదని పట్టుబట్టి కూర్చున్న ఆ చేతులన్నిటికీ మా దండం.

ఇక ఆ పెద్దాయన గురించి. మనవరాలి టీసీ కోసం బడికి వచ్చారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారట. వరండాలో మూతలు తీసి పెట్టిన క్యాబినెట్లు చూసి ఆగారు. అప్పటికి పరిస్థితి ఇదీ: ఇన్‌స్టాల్ అయితే అవుతోంది గానీ, అప్‌డేట్ కొడితే, సర్వర్ నుంచి వచ్చే రిలీజ్ ఫైలు చెల్లే తేదీ ఇంకా రాలేదని ఎర్రర్. ఫైర్‌ఫాక్స్‌లో ఏ సైటు తెరిచినా సెక్యూర్ కాదని హెచ్చరిక. నెట్ పనిచేస్తూనే ఉంది. ఆయన ఒకే మాట అడిగారు: "బాబూ, టైమెంత చూపిస్తోంది?" స్క్రీన్ మూల 2009 ఉంది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోతే, కరెంటు తీసిన ప్రతిసారీ గడియారం వెనక్కి పోతుంది. సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్లకి, అవి చెల్లడం మొదలయ్యే తేదీ ఒకటి ఉంటుంది. 2009లో ఉన్నాననుకునే మెషీన్‌కి ఆ తేదీ ఇంకా రానట్టే లెక్క, అందుకే దేన్నీ నమ్మదు. మెషీన్ ఆన్ చెయ్యగానే ముందు నడిచే బయాస్ సెట్టింగులూ మొదటికి వస్తాయి కాబట్టి, నిన్న పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయిన మెషీన్ ఇవాళ మొరాయిస్తుంది. మీటరు పెడితే 3 వోల్టులు చూపించాల్సిన బ్యాటరీ ఒక్క వోల్టు కూడా చూపించలేదు. కరెంటు వైరు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, పక్కనున్న క్లిప్పుని గోటితో నెట్టి పాతది తీయాలి. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టాలి. తర్వాత బయాస్‌లో తేదీ సరిచేసి, ఎఫ్10 నొక్కి సేవ్ చెయ్యాలి. ఆయనే బజారుకి వెళ్లి బ్యాటరీలు తెచ్చారు. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తోసేశారు.

ఆగకుండా బీప్ కొడుతున్న వాటిలో ర్యామ్ ఊడదీసి, బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, స్లాటులో దుమ్ము కుంచెతో దులిపి మళ్లీ పెట్టించారు. రెండు వైపులా క్లిప్పులు టక్‌మని పడేదాకా నొక్కమన్నారు.

అక్కడితో వెళ్లిపోయినా గుర్తుపెట్టుకునేవాళ్లమే. కానీ పిల్లల బెంచీ మీద ఒదిగి కూర్చుని, తెల్లకాగితం మీద నీలం పెన్నుతో ముత్యాల్లాంటి తెలుగులో అంతా రాశారు. ప్రతి మెట్టు కింద, అది కుదరకపోతే ఏం చూడాలో కూడా. పెన్‌డ్రైవ్ బూట్ జాబితాలో కనపడకపోతే హార్డ్ డిస్క్ ప్రయారిటీ లోపల వెతకాలని, అక్కడే దాన్ని పైకి తేవాలని. మెషీన్ పాతదని 32 బిట్ అనుకోవద్దని, ఇన్‌స్టాల్ చెయ్యకముందే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ అనే కమాండు కొడితే తేలిపోతుందని, కోర్ టూ డుయో 64 బిట్ అని. అన్నిటికంటే పైన ఈ వాక్యం: "పిల్లలూ, భయపడకుండా నొక్కండి. నొక్కితే కంప్యూటర్ విరగదు." ఆ వరుస చదివేసరికి మాకు మాట పెగల్లేదు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. అయ్యా, మీ రుణం తీర్చుకోలేం.

ఒక్క మాట బాధతో. ఈ మెషీన్లన్నీ రిజిస్టరులో "మదర్‌బోర్డు పోయింది, పనికిరాదు" అని ఎక్కాయి. మెయింటెనెన్స్ కాంట్రాక్టు మీద వచ్చిన మనిషి మూత కూడా తీయకుండా రాసిన రాత అది. కొత్తవి కొనడానికి ఫైలు కదులుతుంది, కాసిని రూపాయల బ్యాటరీకి కదలదు. విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబరు 14న ఆగిపోయింది, విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండి తీరాలి. ఎన్ని బళ్లలో ఎన్ని మంచి కంప్యూటర్లు తుక్కు కింద పోతున్నాయో తలుచుకుంటే కడుపు మండుతోంది.

మిగతా బళ్లవాళ్లకి పనికొచ్చేవి: ఒక మెషీన్‌ని పూర్తిగా సిద్ధం చేసుకుని యాంటీఎక్స్‌లోని ఐఎస్ఓ స్నాప్‌షాట్ టూలుతో దాని నకలు తీయండి, మిగతావాటికి అదే ఎక్కించవచ్చు. అడిగినప్పుడు అకౌంట్లు రీసెట్ చేసే రకమే ఎంచుకోండి, లేకపోతే మీ పాస్‌వర్డులూ అన్నిట్లోకి పోతాయి. కొత్త యూజర్లకీ మీ సెట్టింగులు రావాలంటే వాటిని ముందే ఈటీసీ (/etc) లోని స్కెల్ (skel) ఫోల్డరులోకి కాపీ చెయ్యాలి. పోతన, వేమన ఫాంట్లకి ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా (fonts-telu-extra) ప్యాకేజీ ఉంది. తెలుగు టైపింగుకి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఒక్కటే చాలనుకుంటే ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాం అక్కర్లేదు, సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ (setxkbmap) కమాండుతో ఇండియా లేఅవుట్‌లో తెలుగు వేరియంట్ కలిపి, ఆల్ట్ షిఫ్ట్‌తో మారేలా పెట్టి, ఆ వరుసని డెస్క్‌టాప్-సెషన్ ఫోల్డరులోని స్టార్టప్ ఫైలులో చేర్చండి. ర్యామ్ కూడా మిగులుతుంది.

ఇంట్లోవాళ్లకి వేరే చెప్పేదేముంది, ఆలస్యమైన ప్రతి రాత్రీ అన్నం మూతపెట్టి ఉంచారు.

అయ్యో, సెలవు రోజుల్లోనూ తాళాలు తీసిపెట్టిన వాచ్‌మన్ అన్నకి థాంక్స్. ఎర్తింగ్ సరిచేసిన ఎలక్ట్రీషియన్ తమ్ముడికి కూడా. ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో ప్రతి మెషీన్ మీదా "జ్యోత్స్న" అని కొట్టి చూసిన పదో తరగతి అమ్మాయిలకి. ఇంకా ఐఎస్ఓ డౌన్‌లోడ్ చేసి, ఫైలు పాడవకుండా వచ్చిందో లేదో తేల్చే షా256 కూడా సరిచూసి ఇచ్చిన నెట్ సెంటరు అక్కకి. అక్కా, మీ పెన్‌డ్రైవ్ మా దగ్గరే ఉండిపోయింది, సోమవారం పొద్దున్నే తెచ్చిస్తాం.