డిశ్చార్జి రోజున అడిగితే నిజం ఎలా చెప్తాం?

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా పాప ఆరు రోజులు పిల్లల వార్డులో ఉండి ఇంటికొచ్చింది. బయల్దేరే ముందు మందుల చీటీతో పాటు ఒక ఫారం చేతిలో పెట్టారు. శుభ్రత, మర్యాద, వైద్యం... అన్నింటికీ ‘చాలా బాగుంది’ అని టిక్కు పెట్టేశాను. అది అబద్ధం. ఫారం ఇచ్చిన నర్సు పక్కనే నిలబడి ఉంది. రేపు మళ్లీ జ్వరమొస్తే పాపను ఎత్తుకుని పరిగెత్తాల్సింది ఆమె దగ్గరికే.

మూడో రాత్రి సెలైన్ ఎక్కుతున్న చేయి ఉబ్బింది. రెండుసార్లు చెబితే ‘ఏం కాదమ్మా, పడుకోండి’ అన్నారు. మూడోసారి అరిస్తే వచ్చి చూశారు. సూది నరంలోంచి జారి, మందు చర్మం కిందికి పోతోంది. ఆ నర్సును తిట్టడానికి ఇది రాయడం లేదు, ఆ రాత్రి వార్డంతటికీ ఆమె ఒక్కతే. కానీ ఇదంతా రాయడానికి ఆ ఫారంలో చోటే లేదు.

ఇంగ్లండ్‌లో 2021లో మార్తా అనే 13 ఏళ్ల అమ్మాయి, ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్‌తో చనిపోయింది. తల్లిదండ్రులు ముందే భయపడి చెప్పినా పట్టించుకోలేదు. ఆమె పేరుతోనే 2024లో అక్కడి ఆసుపత్రుల్లో ‘మార్తాస్ రూల్’ మొదలైంది. బిడ్డ పరిస్థితి దిగజారుతోందని అనుమానమొస్తే కుటుంబమే మరో వైద్య బృందాన్ని ఏ వేళలోనైనా పిలిపించి చూపించుకోవచ్చు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఇలాంటి నియమం 2013 నుంచే ఉంది. ‘ఎందుకో ఈ పూట వీడు ఎప్పటిలా లేడు’ అన్న తల్లి మాటకు అక్కడ విలువ ఇచ్చారు. మన ఫారాల్లో ఆ మాట ఎక్కడ రాయాలి?

మీరు చేయగలిగింది ఉంది. బిడ్డ ఇంకా మంచం మీద ఉండగానే, రెండో రోజునే అడిగించండి. అడిగేవాళ్లు ఆ వార్డు మనిషి కాకూడదు. చదవడం రానివాళ్లకు చదివి వినిపించి, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. ‘సేవలు ఎలా ఉన్నాయి’ అంటే ఎవరైనా బాగున్నాయనే అంటారు. రాత్రి పిలిస్తే ఎంతసేపటికి వచ్చారు, ఆ మందు ఎందుకో చెప్పారా, సూది గుచ్చే ముందు పిల్లకు చెప్పారా అని అడగాలి. కాస్త ఊహ తెలిసిన పిల్లల్నీ అడగాలి. నొప్పి వాళ్లది కదా!

మేం ఇచ్చే రేటింగ్ స్టార్లను మాత్రం సిబ్బంది జీతాలకు ముడిపెట్టకండి. ‘ఐదు పెట్టండమ్మా’ అని బతిమాలడం మొదలవుతుంది. దానికి బదులు, తల్లిదండ్రులు ఏమన్నారో, ఏది మార్చారో, ఏది ఎందుకు మార్చలేకపోయారో నెలనెలా వార్డు గుమ్మం దగ్గర రాసి పెట్టించండి.

నేను నింపిన ఫారం ఈపాటికి మీ లెక్కల్లో ‘సంతృప్తి’ కింద చేరి ఉంటుంది. దాన్ని తీసేయించమని మనవి.

ఇట్లు,
ఒక తల్లి