శీనుకి, హాజీ గిరాయ్ గురించి

శీనూ,

ఎలా ఉన్నావురా? పోయిన ఆదివారం ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, పక్కన పిల్లల గోల. "క్రిమియా అంటే యుద్ధం వార్తలే కదా, నెల రోజులుగా అందులో ఏం చదువుతున్నావ్?" అన్నావు. ఒక్క మనిషి గురించి చదువుతున్నారా. పేరు హాజీ గిరాయ్. క్రిమియా ఖానేట్‌నీ, అంటే అక్కడి ఖాన్‌ల రాజ్యాన్నీ, దాన్ని ఏలిన గిరాయ్ వంశాన్నీ నిలబెట్టినవాడు.

చెంఘిజ్ ఖాన్ పెద్దకొడుకు జోచి సంతతివాడు ఇతను. ఆ గడ్డిమైదానాల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎంత బలవంతుడైనా సరే, చెంఘిజ్ రక్తం లేకపోతే ఖాన్ కాలేడు. రక్తం ఉండి బలం లేనివాళ్లకు మాత్రం కొదవ లేదు. జోచి సంతతి ఏలిన పెద్ద మంగోల్ రాజ్యం గోల్డెన్ హోర్డ్ ముక్కలవుతున్న కాలం కదా, అన్నదమ్ముల పిల్లలే ఒకరినొకరు తరుముకున్నారు. మన హాజీ గిరాయ్‌కి లిథువేనియా రాజ్యం ఆశ్రయం ఇచ్చింది. అతను పుట్టింది కూడా అక్కడేనని చెప్పుకుంటారు. ఆలోచించు, పెద్ద పేరుంది, కాలు మోపడానికి జానెడు నేల లేదు.

1434లో అతని సత్తా అందరికీ తెలిసింది. క్రిమియా దక్షిణ తీరం చాలావరకు ఇటలీలోని జెనోవా వర్తకుల చేతుల్లో ఉండేది, కఫా వాళ్ల ముఖ్య రేవు. వాళ్ల సైన్యం క్రిమియాలోని సోల్ఖాత్ పట్టణం మీదికి వస్తుంటే దారిలోనే కాచి చిత్తు చేశాడు. అయినా వెంటనే సింహాసనం దక్కలేదు, మళ్లీ పారిపోవాల్సి వచ్చింది. చివరికి షిరీన్ లాంటి పెద్ద తెగల నాయకులు అతన్నే రమ్మన్నారు, లిథువేనియా వెనక నిలబడింది. 1441లో తన పేరుతో నాణెం వేయించాడు.

నన్ను పట్టుకుని వదలనిది ఆ నాణెమేరా. అప్పట్లో రాజు ఎవరంటే నాణెం మీద ఎవరి పేరుందో, శుక్రవారం ప్రార్థనలో ఎవరి పేరు చదువుతారో వాడు. దాని మీద ముస్లిం పంచాంగం లెక్కన హిజ్రీ 845 అని ఉంటుంది, అతని వంశం గుర్తు తమ్గా ఉంటుంది. మూడు పళ్ల దువ్వెనలా ఉండే చిన్న గుర్తు. ఈ రోజు క్రిమియా తాతార్ల నీలం జెండా మూలన పసుప్పచ్చగా కనబడేది అదే. 1944లో స్టాలిన్ ఆ జాతి మొత్తాన్ని రైలు పెట్టెల్లో కుక్కి మధ్య ఆసియాకి తోలేశాడు కదా, ఎన్నో ఏళ్ల తర్వాత తిరిగొచ్చినవాళ్లు ఎత్తుకున్న జెండా మీద కూడా అదే గుర్తు. ఇది చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

అతని కోట కిర్క్ యెర్, ఇప్పుడు చుఫుత్ కాలే అంటారు. నిట్టనిలువు రాతికొండ మీద ఊరు. వీధిలో పరుపుబండ మీద బండి చక్రాలు నడిచి నడిచి పడ్డ గాళ్లు ఇప్పటికీ లోతుగా ఉన్నాయి. ఫోటోలు చూస్తుంటే మన పాత ఊళ్లో బండ్లదారే గుర్తొచ్చింది.

1454లో ఒట్టోమన్ తుర్కుల నౌకాదళంతో కలిసి కఫాని చుట్టుముట్టి కప్పం కట్టించుకున్నాడు. కాన్‌స్టాంటినోపుల్ ఆ తుర్కుల చేతిలో పడి అప్పటికి ఏడాదే. గాలి ఎటు మళ్లిందో ఇంత త్వరగా పసిగట్టినవాళ్లు తక్కువ. 1466లో పోయాడు. ఆ తర్వాత కొడుకులు కొట్టుకున్నారు, 1475లో ఒట్టోమన్లు కఫాని తీసుకున్నారు, ఆ కొడుకుల్లో ఒకడైన మెంగ్లీ గిరాయ్ ఒట్టోమన్ సుల్తాన్ కింద ఖాన్ అయ్యాడు. వంశం మాత్రం 1783లో రష్యా కలిపేసుకునేదాకా నిలబడింది. 342 ఏళ్లురా!

అన్నట్టు, బీదర్ చూసి వెళ్లిన రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ గుర్తున్నాడా? డిగ్రీలో చదివాం. తిరుగు ప్రయాణంలో అతను నల్లసముద్రం దాటి చేరింది ఈ కఫాకే. హాజీ గిరాయ్ పోయి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు.

ఒకటి మాత్రం నీ దగ్గర దాచను. ఈ వంశం పాలనలోనే తాతార్ గుర్రపు దళాలు ఉక్రెయిన్, పోలండ్, రష్యా ఊళ్ల మీద పడి మనుషుల్ని ఎత్తుకొచ్చి కఫా సంతలో బానిసలుగా అమ్మేవి. ఆ పేజీలు చదవడం చాలా కష్టమైంది. ఇంత ఇష్టపడ్డ మనిషి కట్టిన ఇల్లే ఇదీ చేసింది, రెండూ కలిపే నీకు చెప్పాలనుకున్నాను.

తండ్రి కోసం మెంగ్లీ 1501లో బఖ్చిసరాయ్ పట్టణం పక్కనున్న సలాచిక్‌లో గోరీ కట్టించాడు. పక్కనే అంతకు ఏడాది ముందు కట్టించిన జిన్జిర్లీ మదరసా. జిన్జిర్ అంటే గొలుసు. గుమ్మానికి అడ్డంగా గొలుసు వేలాడుతుంది, లోపలికి వెళ్లాలంటే ఖాన్ అయినా తల వంచాల్సిందే.

మీ నాన్నగారి పాత అట్లాస్ ఇంకా ఉందిగా? అందులో బఖ్చిసరాయ్ వెతికి పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఉంచు. సంక్రాంతికి వచ్చినప్పుడు మిగతాది అది ముందు పెట్టుకుని చెబుతాను. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ
రవి