బాబాయి ఇన్నోవా స్టీరింగ్ గురించి తమ్ముడికి

షార్జా
శుక్రవారం సాయంత్రం

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేను, మీ వదిన, పిల్లలు క్షేమం. అక్కడ నాన్న, అమ్మ, నువ్వు, మరదలు, బుడ్డోడు అందరూ క్షేమమని తలుస్తాను. ఎండల గురించి అమ్మని కంగారు పడొద్దని చెప్పు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ గవర్నమెంటు రూలే ఉంది. పైగా నాది షెడ్డులో నీడపట్టున చేసే పని. పనికేం, బాగానే ఉంది.

బాబాయి ఫోను చేశాడు. ఇన్నోవా స్టీరింగ్ బిగుసుకుపోతోందనీ, ప్రకాశం బ్యారేజీ దాటి మలుపు తిప్పాక చక్రం దానంతటది వెనక్కి రావట్లేదనీ, కింద ఎర్ర ఆయిల్ చుక్కలు పడుతున్నాయనీ అన్నాడు. నువ్వు ఆదివారం రాక్, అదే స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాల్ని పక్కలకి తిప్పే కడ్డీ, దించేస్తానన్నావట. ఫోనులో చెబితే సగం నీ చెవిన పడదు, అందుకే కాయితం మీద రాస్తున్నా. షెడ్డు గోడకి అతికించుకో.

ముందు, రాక్ దించాల్సిన పనుందో లేదో తేల్చుకో. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్ నగర్‌ని ముంచినప్పుడు ఆ బండి నీళ్లలో నానింది. అప్పుడు ఇంజను, సీట్లు, వైరింగు చూపించారుగానీ స్టీరింగ్ జోలికి ఎవరూ పోలేదు. నానిన బండిలో ముందు తుప్పు పట్టేది స్టీరింగ్ షాఫ్టు కింది జాయింటుకి. అది బిగిస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది, తిరిగి రాదు. అచ్చం రాక్ పోయినట్టే ఉంటుంది. ఆ జాయింటుకి తుప్పు వదిలే స్ప్రే కొట్టి, కాసేపాగి, ముందు చక్రాలు లేపి, ఇంజను ఆపి తిప్పి చూడు. తేలికపడితే షాఫ్టు మార్చాలి. పంపు బెల్టు కీచుమంటోందా, స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో మట్టం ఎంతుంది, టైర్లలో గాలి సరిగా ఉందా, ఇవన్నీ కూడా చూడు. ఆ తరవాత రాక్ రెండు చివర్లా ఉండే రబ్బరు తొడుగు, అదే బూటు, దాని చిన్న క్లిప్పు తీసి, బూటు జరిపి వేలు పెట్టు. ఎర్ర ఆయిల్ తగిలితే లోపలి సీలు పోయింది, రాక్ దించక తప్పదు. పైన షాఫ్టు వచ్చి కలిసే పళ్ల ఇరుసు, అదే పినియన్, దాని దగ్గర మాత్రమే తడిగా ఉంటే ఆయిల్ అక్కడ పుట్టిందో, పైనున్న పైపు నుంచి జారిందో గుడ్డతో తుడిచి, ఇంజను ఆడించి మళ్ళీ చూడు. పైపు కారుతుంటే రాక్ మార్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. డబ్బు దండగ.

దించాల్సొస్తే ఇలా చెయ్యి.

చక్రాలు నేరుగా పెట్టు. తాళం తీసేసి, సీటు బెల్టు స్టీరింగ్ చక్రంలోంచి లాగి కట్టెయ్. ఈ కట్టు మాత్రం మర్చిపోకురా. షాఫ్టు రాక్ నుంచి విడిపోయాక పైన చక్రానికి అడ్డేమీ ఉండదు. ఎవరో కారెక్కి పట్టుకుని నాలుగు చుట్లు తిప్పితే లోపలున్న స్పైరల్ కేబుల్ తెగుతుంది. హారన్ పోతుంది, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న మోడలైతే బ్యాటరీ నెగటివ్ తీసి కనీసం 90 సెకన్లు ఆగాకే స్టీరింగ్ దగ్గర చెయ్యి పెట్టు.

వెనక చక్రాలకి రెండు వైపులా చెక్కలు పెట్టు. ముందు లేపి స్టాండ్లు ఛాసిస్ చట్రం కింద వెయ్యి, చక్రాన్ని పట్టుకునే కంట్రోల్ ఆర్మ్ కింద వద్దు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరకు. స్టాండ్లు వేశాక బండిని పక్క నుంచి గట్టిగా ఊపి చూడు, కదిలితే మళ్ళీ వెయ్యి. ఈ మాట నీకు కొత్త కాదు, తెలుసు. అయినా రాస్తాను. నాన్నని కిందికి దూరనివ్వకు. పైనుంచి పానాలు అందిస్తాడు, చాలు. ఆయన నడుం సంగతి నీకు తెలుసుగా.

డబ్బాలో ఆయిల్ సిరంజితో లాగెయ్. రిటర్న్ పైపు విప్పి కింద ట్రే పెట్టి, షాఫ్టు విప్పకముందే, బెల్టు కట్టు విప్పి తాళం పెట్టి, ఇంజను ఆపి ఉండగానే స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు మూడుసార్లు తిప్పు, మిగిలింది కారిపోతుంది. తిరిగి నేరుగా తెచ్చి, తాళం తీసి, మళ్ళీ బెల్టు కట్టు. ఆయిల్ లేకుండా ఇంజను స్టార్టు చెయ్యకు. పంపు లోపల గీతలు పడితే రాక్‌తో పాటు పంపు ఖర్చూ నెత్తిన పడుతుంది.

టై రాడ్ ఎండ్, అంటే రాక్ నుంచి వచ్చే రాడ్‌ని చక్రానికి కలిపే కీలు, తీసేటప్పుడు ముందు లాక్ నట్టు వదులు చెయ్యి. ఎండ్ ఇంకా చక్రాన్ని మోసే నకిల్‌లో బిగిసి ఉన్నప్పుడే అది సులువుగా వదులుతుంది, తీశాక అయితే రాడ్ మొత్తం నీ చేతిలో తిరుగుతుంది. పెయింటుతో గుర్తు పెట్టు, తరవాత ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లకి ఊడిందో లెక్కపెట్టి గోడ మీద రాసుకో. ఎడమ వేరు, కుడి వేరు. స్ప్లిట్ పిన్ను లాగి, గాళ్లున్న కాజిల్ నట్టు నాలుగు మరలు పట్టి ఉండేలా వదిలి, ఎండ్‌ని ఊడదీసే పుల్లరు వెయ్యి. పుల్లరు లేకపోతే నకిల్ కన్ను పక్కన సుత్తితో ఒక్క దెబ్బ, బలంగా. బోల్టు కొన మీద మాత్రం కొట్టకు, మరలు నలిగిపోతాయి. రెండు కొమ్ముల ఫోర్కు దోపితే ఎండ్ బూటు చిరుగుతుంది. పాత ఎండ్ పారేసేదైతేనే ఫోర్కు.

షాఫ్టుకీ పినియన్‌కీ కలిపి ఒక గీత గియ్యి. బిగించే బోల్టు వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. అది పినియన్ మీదున్న గాడిలో కూర్చుంటుంది. గాడిలో బోల్టు ఉండగా సుత్తితో కొట్టి లాగితే షాఫ్టు చెడుతుంది, పినియన్ బేరింగు దెబ్బ తింటుంది. చీలికలో స్క్రూడ్రైవరు పెట్టి కొంచెం తెరిచి లాగు, వస్తుంది.

పైపుల నట్లకి మామూలు పానా వద్దు, నట్టుని చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ పానా వాడు. మామూలు పానా మూలలు తినేస్తుంది. ఒక పానాతో పట్టి రెండో పానాతో తిప్పు, లేదంటే పైపు మెలి తిరిగి తరవాత పగులుతుంది. విప్పగానే రెండు రంధ్రాలకీ, పైపు కొనలకీ ప్లాస్టిక్ మూతలు పెట్టు. ఒక్క ఇసక రేణువు వాల్వు దగ్గర ఇరుక్కుంటే స్టీరింగ్ ఒకవైపు తేలిక, ఇంకోవైపు బరువు అవుతుంది. రాక్ ఒంటి మీదుండే రెండు సన్న పైపుల్ని మాత్రం కదల్చకు.

ఇక రాక్ బోల్టులు. ఇన్నోవా అంటే ఛాసిస్ బండి కాబట్టి నీకు బతుకు తేలిక. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో చాలావాటికి కింద క్రాస్ మెంబర్, అంటే అడ్డ దూలం, దించితేనే రాక్ బయటికొస్తుంది. ఒక చేత్తో పట్టుకోకుండా బోల్టు ఊడదీయకు, బరువుంటుంది. ఏ వైపు నుంచి లాగితే బ్రేకు పైపుకి తగలకుండా వస్తుందో ముందే చూసుకో. తీశాక రబ్బరు బుష్‌లు నలిపి చూడు. ఆయిల్‌లో నాని మెత్తబడి ఉంటాయి, కొత్తవి వెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. ఆటోనగర్లో సీల్ కిట్ వేసి ఓవర్‌హాల్ చేసిస్తామంటారు. తక్కువలో పోతుంది, బాబాయికి నచ్చుతుంది. కానీ ముందు రాక్ బార్ నువ్వే స్వయంగా చూడు. పళ్లు లేని వైపు నున్నగా మెరిసే భాగం ఉంటుంది, సీలు పాకేది దాని మీదే. గుడ్డతో తుడిచి, వెలుతురులో పెట్టి, పొడుగునా గోరు నడుపు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ తుప్పు గుంట ఉన్నట్టు. ఎంత చిన్నదైనా సరే, కొత్త సీలు పెదవి దాని మీదుగా పోయిన ప్రతిసారీ కాస్త కాస్త కోసుకుపోతుంది, నెలల్లో మళ్ళీ కారుతుంది. వరద నీళ్లు బూటులోకి పోయిన బండి కాబట్టి గుంటలు ఉండే అవకాశమే ఎక్కువ. ఎమెరీతో రుద్దిస్తామంటే ఒప్పుకోకు. గుంట పోదు, పైనున్న గట్టి పొర పోతుంది. అలాంటి బార్ ఉన్న రాక్‌కి ఓవర్‌హాల్ మాట ఎత్తకు, మార్చు. డబ్బు సంగతి నేను చూస్తాను. బాబాయి మన చదువులకి చూసినంత ఎవరు చూశారు?

అలాగే రాక్ అడుగున, బార్‌ని పినియన్‌కి నొక్కి పట్టే గైడు మూతని ఎవరినీ బిగించనివ్వకు. చప్పుడు పోవాలని పావు చుట్టు బిగిస్తారు. చప్పుడు పోతుంది, స్టీరింగ్ బిగుస్తుంది, మలుపు నుంచి తిరిగి రావడం మానేస్తుంది. హైవే మీద అది ప్రాణాల మీదికి వస్తుంది.

కొత్తది పెట్టేముందు పైపులు కడుగు. పాత ఆయిల్‌లో ఇనప పొడి, నల్లటి రబ్బరు ముక్కలు ఉంటాయి. డబ్బా అడుగున సన్న జాలీ ఉంటుంది, అది మూసుకుపోతే పంపు కేకలు పెడుతుంది. డబ్బా విప్పి శుభ్రం చెయ్యి, కడగలేనంత మురికైతే మార్చు. ఇది మానేసి కొత్త రాక్ బిగించడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. పాత మురికి నేరుగా కొత్త సీళ్లలోకి పోతుంది.

రాక్ మధ్యకి తెచ్చుకో. పినియన్‌ని చేత్తో నెమ్మదిగా ఒక చివరికి తిప్పి, అక్కణ్నుంచి రెండో చివరికి ఎన్ని చుట్లో లెక్కపెట్టి అందులో సగానికి వెనక్కి రా. తిప్పుతుంటే రంధ్రాల్లోంచి ఆయిల్ చిమ్ముతుంది, మొహం పక్కకి పెట్టుకో. రాక్‌ని ఎక్కించి బోల్టులు వదులుగా పెట్టి, పైపుల నట్లు చేత్తోనే మూడు నాలుగు మరలు ఎక్కించు. రాక్ కాస్త కదిలే వీలున్నప్పుడే నట్టు అడ్డంగా ఎక్కకుండా పడుతుంది. ఆ తరవాత రాక్ బోల్టులు, ఆఖర్న పైపులు. ఓరింగులైనా రాగి వాషర్లైనా కొత్తవే. ప్రతిదానికీ టార్క్ రెంచి, అదే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా, వాడు. ఏది ఎంత బిగించాలో ఉన్న అంకెల పేజీ ఫోటో తీసి పంపిస్తాను, మోడల్ సంవత్సరం చెప్పు.

షాఫ్టు గీతకి గీత కలిపి దూర్చు, బోల్టు గాడిలో పడిందో లేదో వేలితో తడిమి చూడు. టై రాడ్ ఎండ్లు గోడ మీద రాసుకున్న లెక్కకి ఎక్కించు. ఎండ్ కోను, నకిల్ కన్ను రెండూ పొడిగుడ్డతో తుడువు, గ్రీజు పూయకు. కాజిల్ నట్టు టార్కుకి బిగించాక పిన్ను రంధ్రం కలవకపోతే తరవాతి గాడి దాకా ఇంకొంచెం బిగించు. వెనక్కి వదులు చేసి కలపకు. పిన్ను కొత్తది, ఎప్పుడూ.

బూటు చిన్న కొన దగ్గర కొద్దిగా సిలికాన్ గ్రీజు రాసి, ఆ క్లిప్పు చక్రాల ఎలైన్‌మెంట్ అయ్యాకే బిగించు. లేకపోతే వాళ్ళు రాడ్ తిప్పినప్పుడు బూటు మెలిపడి చిరుగుతుంది. మళ్ళీ నీళ్లు, మళ్ళీ తుప్పు.

ఆయిల్: డెక్స్‌రాన్ 2 లేదా 3 రకం ఎర్ర ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్లకి వాడే ఆయిల్. నింపడానికి ఒక లీటరు సరిపోతుంది, కడగడానికి కూడా కాబట్టి రెండు మూడు లీటర్లు తెచ్చుకో. డబ్బా నింపి, చక్రాలు గాల్లో ఉండగానే, ఇంజను ఆపి, స్టీరింగ్ ఆ చివర ఈ చివర నెమ్మదిగా తిప్పుతూ ఉండు. మట్టం పడిపోతుంటే పోస్తూ ఉండు. బుడగలు రావడం ఆగేదాకా ఓపిగ్గా చెయ్యి. అమ్మ ఊరగాయ జాడీలో గాలి మిగలకుండా నొక్కి నొక్కి పెడుతుంది చూడు, అంత ఓపిక కావాలి. తరవాత బండి దించి, ఇంజను నిమిషానికి 1000 తిరుగుళ్ళు దాటకుండా ఆడించి, పూర్తిగా ఒక చివరికి తిప్పి రెండు మూడు సెకన్లు, రెండో చివరికి తిప్పి రెండు మూడు సెకన్లు. అంతకంటే చివర్న పట్టుకోకు, ప్రెషరు అక్కడే ఎక్కువ, పంపు వేడెక్కుతుంది. ఆయిల్ పాలలా తెల్లగా నురగ కడితే లోపల గాలి ఉన్నట్టు. ఆపి, ఒక గంట వదిలేసి మళ్ళీ చెయ్యి. ఇంజను ఆడేటప్పటి మట్టానికీ ఆపాక మట్టానికీ 5 మిల్లీమీటర్లకి మించి తేడా ఉండకూడదు. ఉంటే గాలి ఇంకా పోలేదు. రెండోసారీ నురగే వస్తే పీల్చుకునే పైపు క్లిప్పులు చూడు, అక్కణ్నుంచే గాలి లోపలికి పోతుంటుంది.

లీకు చూడ్డానికి వేలు పెట్టకు. సన్న చిమ్ము చర్మంలోకి దూరుతుంది. అట్టముక్క పెట్టి చూడు.

అదే రోజు ఎలైన్‌మెంట్‌కి తీసుకెళ్ళు, అప్పటిదాకా మెల్లగా నడుపు. స్టీరింగ్ చక్రం కాస్త పక్కకి వాలి ఉంటే దాన్ని పీకి పళ్లు మార్చి పెట్టనివ్వకు. రెండు టై రాడ్లూ సమానంగా, ఒకటి లోపలికి ఒకటి బయటికి తిప్పితే సరిపోతుంది. వారం తిరిగాక నట్లు, మట్టం మళ్ళీ చూడు. అప్పటిదాకా బాబాయిని గుంటూరు వైపు హైవే ఎక్కొద్దని నా మాటగా చెప్పు.

దసరాకి వస్తానని నేను మాటివ్వలేదు, అమ్మకి ఎవరు చెప్పారో తెలీదు. సెలవు దొరికితే వస్తాను, దొరక్కపోతే సంక్రాంతికి. కోపం తెచ్చుకోవద్దను. మోకాలి మాత్రలు మానొద్దని కూడా చెప్పు.

మరదలు పంపిన కందిపొడి అయిపోయింది. మీ వదిన అడగమంది.

ఇట్లు
మీ అన్నయ్య

మర్చిపోయాను: కొత్త రాక్ తెచ్చాక పాతదాన్ని షాపువాడికి వెంటనే ఇచ్చెయ్యకు. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి పొడవు, బోల్టు కన్నాల దూరం, పినియన్ పళ్లు, పైపు రంధ్రాల మరలు పోల్చి చూశాకే ఇవ్వు. రాక్, టై రాడ్ ఎండ్లు, షాఫ్టు జాయింటు, ఈ మూడింటి ధరలు రెండు మూడు షాపుల్లో అడిగి నాకు పంపు, డబ్బు వేస్తాను.