పర్ణశాలకు టార్పాలిన్ కప్పా?

సంపాదకుడు గారికి,

యూదుల పర్ణశాలల పండుగ సుక్కోత్ మీద మీ భక్తి పేజీలో వచ్చిన కథనం చదివి వారం దాటింది. సవరణ వేస్తారని చూశాను, వేయలేదు.

ఫొటోలో ఉన్నది పెళ్లి పందిరి. పైన నీలం టార్పాలిన్, చుట్టూ ప్లాస్టిక్ తోరణాలు. కప్పు ఏదైనా ఫరవాలేదు, గోడలు మాత్రం ఆకులతో కట్టాలని రాశారు. పూర్తిగా తలకిందులు! పర్ణశాలకు ప్రాణం కప్పే. నేలలో మొలిచి, కోసి తెచ్చిన ఆకులూ కొమ్మలే పైన పరవాలి. గుడ్డ, రేకు, ప్లాస్టిక్ చెల్లవు. చెట్టు కింద కట్టినా చెల్లదు, ఎందుకంటే ఆ కొమ్మలు కోసినవి కావు. ముందు గోడలు లేపి ఆ తర్వాతే కప్పు వేస్తారు. పగలు లోపల ఎండ కన్నా నీడ ఎక్కువుండాలి, రాత్రి సందుల్లోంచి చుక్కలు కనబడాలి. గోడలకు గుడ్డ కట్టినా సరే, గాలికి ఊగకుండా బిగిస్తే చాలు.

పండుగలో చేత పట్టేది నిమ్మకాయ అని రాశారు. కాదు, అది మాదీఫలం, నిమ్మజాతిదే అయినా వేరే కాయ. నిమ్మకు అంటుకట్టిన చెట్టు కాసిన మాదీఫలమే పనికిరాదని తోసేస్తారే, ఇక నిమ్మకాయ ఎలా చెల్లుతుంది? తొక్క గరుకుగా ఉందా, తొడిమ దగ్గర గుంట ఉందా అని తిప్పి తిప్పి చూసి కొంటారు. కాయ కొసనున్న చిన్న మొన విరిగితే అంత ఖరీదు పెట్టిన కాయా వృథా. చెట్టు మీదుండగానే ఆ మొన రాలిపోతే మాత్రం దోషం లేదు. కుడిచేతిలో విచ్చుకోని ఖర్జూర మట్ట, దానికి కుడిపక్క మూడు గొంజి (మిర్టిల్) కొమ్మలు, ఎడమపక్క రెండు నిరవంజి (విల్లో) కొమ్మలు. ముందుగా వాడిపోయేది నిరవంజే. తడిగుడ్డలో చుట్టి ఉంచాలి, ఆకు రాలితే మార్చాలి. శనివారం విశ్రాంతి దినం, ఆ రోజు వీటిని చేతపట్టరు. మీరేమో శనివారమే ఊరేగింపు చేయించారు.

పండుగ 'ఏటా అక్టోబరు 6న' అన్నది మరీ అన్యాయం. 2025లో ఆ సాయంత్రం మొదలైంది, 2026లో సెప్టెంబరు 25 సాయంత్రం మొదలవుతుంది. యూదుల పంచాంగంలో తిష్రీ నెల 15వ తేదీ, అంటే పున్నమి పండుగ. వాళ్లకూ 19 ఏళ్లలో 7 అధికమాసాలు వస్తాయి. అధికమాసం తెలియని తెలుగు పాఠకుడున్నాడా?

ఇంతకీ అడగడానికి మనుషులు లేకనా? గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదులున్నారు. ఒక్కరినైనా అడిగారా? మొహర్రం, జైనుల పర్యూషణం, పార్శీల నౌరోజ్ దేనికైనా ఇదే వరస: దొరికిన ఫొటో అతికించడం, తోచింది రాయడం. ఎడిషన్లు పెరిగాయి, ప్రూఫు చూసే దిక్కు లేదు. పిల్లలు వీటినే కత్తిరించి ప్రాజెక్టు పుస్తకాల్లో అంటించుకుంటున్నారు.

సవరణ అదే పేజీలో, అదే సైజులో, సరైన ఫొటోతో వేయండి.

- ఒక పాఠకుడు, తెనాలి