2025 వార్షిక నివేదిక: కిలో లెక్క, రోజు కూలి, మన ఇంటి ఖర్చు

సభ్యులందరికీ నమస్కారం.

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల నుంచి రొయ్యలు ఒలిచే షెడ్లకు పోయే ఆడవాళ్ళం కలిసి పెట్టుకున్న సంఘం మనది. ముందుగా చిన్న పనులు చెప్పేస్తాను. ఐసు నీళ్ళలో నాని చేతులు పుండ్లు పడ్డవాళ్ళ కోసం వైద్య శిబిరం పెట్టాం. అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డుల్లో తప్పుగా పడ్డ పేర్లు దిద్దించాం. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. ఈ ఏడాది మనకు ఎక్కువ పని పెట్టింది మాత్రం కూలి సంగతే.

వేసవిలో ప్రతి సభ్యురాలికీ ఒక నోటుపుస్తకం ఇచ్చాం. వ్యాను ఎక్కిన టైము, దిగిన టైము, ఒలిచిన కిలోలు, కౌంటు, చేతికొచ్చిన డబ్బు రాయమన్నాం. చదువురాని వాళ్ళకు పిల్లలు రాసిపెట్టారు. కొన్ని పుస్తకాల్లో పాల లెక్కలు, చీటీ పాటలు కూడా చేరాయి. అదీ ఒకందుకు మంచిదే, ఇంటి ఖర్చు కూడా తెలిసింది.

ఆ పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. 30 కౌంటు అంటే కిలోకి 30 రొయ్యలు, 100 కౌంటు అంటే కిలోకి 100. సన్న సరుకైతే అదే కిలోకి మూడింతలకు పైగా ఒలవాలి. కిలో రేటులో మాత్రం అంత తేడా లేదు. సన్న సరుకు దిగిన రోజున తెల్లారి కూర్చున్న మనిషి చీకటి పడేదాకా ఒలిచినా కనీస వేతనం గిట్టలేదు. అడిగితే కూలీలను తీసుకెళ్ళే మేస్త్రి, “మీది కిలో లెక్కమ్మా, రోజు లెక్క కాదు” అంటాడు.

ఆ మాట చెల్లదు. పీస్ రేటు మీద, అంటే కిలో లెక్కన, చేయించుకున్నా సరే, ఆ పనికి ప్రభుత్వం రోజు రేటు మాత్రమే ఖరారు చేసి ఉంటే అంతకు తగ్గించి ఇవ్వకూడదని 1948 నాటి కనీస వేతనాల చట్టం 17వ సెక్షనే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, వేతనాల కోడ్‌లోనూ ఇదే ఉంది. పని చూపించలేక మధ్యాహ్నమే ఇంటికి పంపినా పూర్తి రోజు కూలి ఇవ్వాలి.

సరే, కనీస వేతనం చేతికొస్తే పేదరికం పోతుందా? 1957లో భారత కార్మిక సదస్సు ఒక కొలత పెట్టింది. ఒకరి సంపాదన మీద మూడు యూనిట్ల కుటుంబం బతకాలి: భర్త ఒకటి, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరో 0.6. యూనిట్‌కు రోజుకు 2,700 క్యాలరీల తిండి, ఇంటికి ఏడాదికి 72 గజాల బట్ట. ఆ లెక్కలో ఇంట్లోని అవ్వకు చోటు లేదు. మొగుడు పోయి, తల్లినీ పిల్లల్నీ ఒంటి చేత్తో సాకుతున్న సభ్యులు మనలో చాలామందే ఉన్నారు.

పేదరిక రేఖ ఇంకో వింత. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011-12కి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో అది మనిషికి నెలకు రూ.860, అంటే ఐదుగురికి రూ.4,300. 2025-26లో ఉపాధి హామీ పనికి రోజు కూలి రూ.307. నెలలో 15 రోజులు దొరికితే రూ.4,605 వస్తుంది కాబట్టి కాగితం మీద మనం పేదలం కాదు! బియ్యం, గ్యాసు ధరలు మాత్రం 2011లో ఆగిపోలేదు.

రోజు రేటుతో పాటు ఎన్ని రోజులు పని దొరికిందన్నదీ చూడాలి. ఆగస్టు ఆఖర్లో అమెరికా సుంకం 50 శాతానికి పెంచాక షెడ్లకు సరుకు తగ్గింది. అక్టోబరు చివర మొంథా తుపాను వానలు మరికొన్ని రోజులు మింగేశాయి. కూలి పెంచమంటే పని పోతుందని మనలోనే కొందరు భయపడ్డారు. ఈసారి కూలి పెరక్కుండానే పని పోయింది.

అలాగని ఆ భయం ఉత్తదే అని కొట్టిపారేయలేను. దసరా తర్వాత ఒక షెడ్డు రోజు రేటుకు తగ్గకుండా ఇస్తానని ఒప్పుకుంది. అప్పటి నుంచే మేస్త్రి చెయ్యి చురుకైన పడుచువాళ్ళనే ఏరి వ్యాను ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. యాభై దాటిన వాళ్ళు సెంటర్లో నిలబడి నిలబడి ఇంటికొచ్చారు. కూలి పెరిగిన ఇంటి పక్కనే అసలు కూలే రాని ఇల్లు. వెళ్ళి మాట్లాడి వంతులు పెట్టించాం, పెద్దవాళ్ళను తూకం దగ్గర పెట్టమని అడిగాం. వంతులు నడుస్తున్నాయి. తూకం దగ్గర మాత్రం ఇంకా మగవాళ్ళే.

ఇక బకాయిలు. పాత చట్టంలో ఆరు నెలల్లోపు అడగాల్సి ఉండేది, కొత్త కోడ్ మూడేళ్ళు గడువిచ్చింది. కూలి ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది కూడా యజమానే. కానీ దరఖాస్తు కూలి మనిషి స్వయంగా పెట్టాలి, లేదా ఆమె సభ్యురాలిగా ఉన్న రిజిస్టర్డ్ ట్రేడ్ యూనియన్ గానీ, లేబర్ ఇన్‌స్పెక్టర్ గానీ పెట్టాలి. మనది సంక్షేమ సంఘం, మనకు ఆ హక్కు లేదు. పేరు బయటపడితే మర్నాడు వ్యాను ఎక్కనివ్వరన్న టెన్షన్‌తో ఎవరూ సంతకం పెట్టలేదు. పిల్లలున్న వాళ్ళను నేను తప్పు పట్టను.

అందుకే యూనియన్‌గా నమోదు చేసుకుందామన్న తీర్మానం ఈ సభ ముందు పెడుతున్నాం. దరఖాస్తుకు ఏడుగురు చాలు. అయితే పనివాళ్ళలో పదో వంతు లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. కమిటీలో దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. యూనియన్ అంటే షెడ్డు వాళ్ళు మాట్లాడటమే మానేస్తారని కొందరి వాదన. నా ఓటు నమోదుకే. చర్చ భోజనాలకు ముందే పెట్టుకుందాం, ఆ తర్వాతైతే రెండో షిఫ్టు వాళ్ళు వెళ్ళిపోతారు.

కార్యదర్శి