తలుపు దగ్గర నిలబడ్డావట

రాజమండ్రి,
మంగళవారం మధ్యాహ్నం.

అమ్మలూ,

ఇక్కడ అందరం బాగున్నాం. బోరు మోటారు మళ్లీ కాలిపోయింది. ఈసారి వైండింగుకి ఇవ్వకుండా కొత్తదే వేయించాను. కార్తీకమాసం కదా, మీ అమ్మ మోకాలు నొప్పంటూనే తెల్లారగట్ల పుష్కరఘాట్‌కి బయలుదేరుతోంది, వద్దంటే వినదు. మన కరివేపాకు కొమ్మ తన గోడ మీద వాలిందని శాస్త్రిగారు రెండుసార్లు అన్నారు. నాకు వినపడనట్టే ఊరుకున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంటి అంటావేమో. పదకొండు రోజులుగా నువ్వు ఫొటోలు పంపుతున్నావు గానీ మాట్లాడడం లేదు. నేను చేస్తే "బుడ్డోడు పడుకున్నాడు నాన్నా, తర్వాత చేస్తా" అంటున్నావు. వాడు రోజుకి అన్నిసార్లు పడుకుంటుంటే సంతోషమే.

నిన్న చిట్టి పిన్ని కందిపొడి ఇవ్వడానికి వచ్చింది. మాటల్లో చెప్పింది, అన్నప్రాసన అయి మీరు వెళ్లేటప్పుడు రాత్రి రైల్లో, బెజవాడలో ఎక్కిన నలుగురు కుర్రాళ్లు ఫోన్లు పెద్దగా మోగిస్తుంటే వాళ్లతో ఏదో గొడవైందని, నువ్వు పిల్లాణ్ణి ఎత్తుకుని ఖమ్మం నుంచి సికింద్రాబాద్ దాకా తలుపు దగ్గరే నిలబడ్డావని. పిన్ని చెప్పేదాంట్లో ఎప్పుడూ సగం తీసేయాలి. సగం తీసేసినా వరంగల్ దాకా నిలబడ్డట్టే. అల్లుడు గారిని అడిగితే "చిన్న విషయం మావయ్య గారూ" అన్నారు. ఆయన పై బెర్తులో నిద్రపోయారట. చిన్న విషయమైతే సంక్రాంతికి టికెట్లు చెయ్యొద్దని ఎందుకన్నావు? వాడికి రెండేళ్లు వచ్చేదాకా బండెక్కనని మీ అమ్మతో అన్నావట. సరేలే, నీ ఇష్టం. నేనేమీ అనను.

ఉగ్గులో నెయ్యి వేస్తున్నావా? పిన్ని ఫొటో చూసి చిక్కాడంది. నాకలా అనిపించలేదు.

అసలు తలుపు దగ్గరికి ఎందుకెళ్లావమ్మా? టికెట్లు చూసే టీటీఈగా ముప్ఫై రెండేళ్లు నల్లకోటు వేసుకుని బండ్లలో తిరిగినవాడి కూతురివి. రెండు పెట్టెలు కలిసేచోట ఇనప పలకలు చేసే చప్పుడు నాలుగు ఫోన్ల చప్పుడు కంటే ఎక్కువ. పైగా చలిగాలి. ఆ తలుపులు సగం గడియ వేసినట్టుంటాయి, కుదుపుకి తెరుచుకుంటాయి. నిద్రకళ్లతో, చేతిలో ఎనిమిది నెలల పిల్లాడితో... నిన్న రాత్రి రెండింటికి లేచి కూర్చున్నాను. మీ అమ్మ ఏంటంటే గ్యాస్ అన్నాను.

నీ సీటు నీది. లేవాల్సింది నువ్వు కాదు. రాత్రి 10 దాటాక పెద్దగా పాటలు పెట్టకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, నైట్‌బల్బు తప్ప లైట్లు వెయ్యకూడదు. ఇయర్‌ఫోన్ లేకుండా ఫోన్ మోగించేవాళ్ల సంగతి చూడమని 2022 జనవరిలో రైల్వే బోర్డు మళ్లీ గట్టిగా చెప్పింది కూడా. ముందు కోచ్ అటెండెంట్‌కి చెప్పు. టీటీఈ కనపడితే ఆయనకి చెప్పు. ఎవరూ లేకపోతే 139కి ఫోన్ కొట్టి బండి నంబరు, పెట్టె నంబరు, బెర్తు నంబరు చెప్తే చాలు. ఒకప్పుడు పోలీసులకి 182 అని వేరే ఉండేది, 2021లో దాన్నీ ఇందులోనే కలిపేశారు. తోటివాళ్లని మరీ ఇబ్బంది పెడితే 145వ సెక్షన్ కింద బండి నుంచి దించేయొచ్చు. సెక్షన్లు మొదలెట్టాడు నాన్న అనుకుంటున్నావు కదా. ఆపేస్తున్నాను.

ఒక్కటి మాత్రం విను. నలుగురిని కలిపి ఎప్పుడూ అడగొద్దు. స్నేహితుల ముందు ఎవడూ తగ్గడు. వాళ్లలో కాస్త నెమ్మదిగా ఉన్నవాడు ఒకడుంటాడు, ఫోన్ వాడి చేతిలో ఉండదు, పక్క నుంచి తొంగి చూస్తుంటాడు. వాడి వైపు తిరిగి "తమ్ముడూ, పిల్లాడు ఇప్పుడే పడుకున్నాడు, కొంచెం తగ్గించమని చెప్పవా" అను. వాడే మిగతావాళ్లకి చెప్తాడు. "బుద్ధి లేదా" అన్నావో, అయిపోయింది. నువ్వు అన్నావని నేననడం లేదు. పిన్ని అంటోంది. ఫోన్ తీసి వీడియో కూడా తియ్యొద్దు, దాంతో ఇంకా రెచ్చిపోతారు.

పిన్ని ఇంకో మాట చెప్పింది. అది నువ్వే వాళ్ల అమ్మాయితో అన్నావట. "మీవాడు బెజవాడ నుంచి ఏడుస్తుంటే మేమేమైనా అన్నామా" అన్నాడట వాళ్లలో ఒకడు. దాంతో నువ్వు ఇంకేం మాట్లాడకుండా లేచి వెళ్లిపోయావట. ఇది విన్నాక గొడవ సంగతి పక్కకి పోయి నాకు వేరే సంగతి గుర్తొచ్చింది. నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మ చెప్పి ఉంటే తప్పుగా చెప్పి ఉంటుంది.

1993 మే నెల. నీ పుట్టువెంట్రుకలకి తిరుపతి బయలుదేరాం, నీకు పదకొండో నెల. స్లీపర్. బయట కాలిపోయే ఎండ పడి, రాత్రికి కూడా ఫ్యాను వేడిగాలే కొడుతోంది. తాడేపల్లిగూడెంలో పెళ్లివారు ఎక్కారు, ఒక పదిహేనుమంది. ట్రంకుపెట్టె మధ్యలో పెట్టి దాని మీద తువాలు పరిచి పేకాట. టేప్‌రికార్డర్ ఒకటి. నువ్వు అప్పుడే నిద్రపోయావు. నేను డ్యూటీలో లేను, కోటు లేదు, లుంగీలో ఉన్నాను. అయినా లేచి, జేబులోంచి రైల్వే పాస్ తీసి చూపించి, "నేనెవరో తెలుసా" అన్నాను. ఇంకా చాలా అన్నాను. పెట్టె మొత్తం వినపడేట్టు అన్నాను. పెళ్లివారిని అలా అనొచ్చా? వాళ్లు ఒక్కమాట తిరిగి అనకుండా పేకముక్కలు సర్దేశారు. నేను గెలిచినట్టు కూర్చున్నాను.

బెజవాడ దాటిందో లేదో నువ్వు లేచావు. అది ఏడుపు కాదు తల్లీ, ఇంజను కూత. వాముకషాయం పట్టింది మీ అమ్మ, కక్కేశావు. భుజాన వేసుకుని తిప్పాను. తెనాలి పోయింది, బాపట్ల పోయింది, చీరాల పోయింది, నువ్వు ఆపలేదు. పెట్టెలో ఒక్కడు నిద్రపోలేదు. ఒక్కడూ ఏమీ అనలేదు. ఏమైనా అంటే బాగుండును అనిపించింది, నేను కూడా ఏదో ఒకటి అని ఊరుకునేవాణ్ణి. తల పైకెత్తలేకపోయాను.

ఒంగోలు దగ్గర ఆ పెళ్లివారిలో ఒక ముసలావిడ లేచి వచ్చింది. "ఇలా ఇవ్వమ్మా" అని మీ అమ్మ దగ్గర్నుంచి నిన్ను తీసుకుంది. సంచిలోంచి పాత నేతచీర తీసి, అటు మధ్య బెర్తు కొక్కేనికి ఒక కొస, ఇటు కొక్కేనికి ఒక కొస కట్టి, లోపల నిన్ను వేసింది. ఉయ్యాల ఊపింది ఎవరనుకున్నావు? ఇందాక నేను అరిచిన ఆయనే, పేకముక్కలు పంచిన ఆయన. కింద బెర్తు మీద కూర్చుని, ఒక కాలితో చీరని నెమ్మదిగా తోస్తూ, కావలి దాకా ఊపాడు. మధ్యలో ఒకసారి నా వైపు చూసి "మాకూ ముగ్గురండి" అన్నాడు. అంతే. నేను క్షమాపణ చెప్పాలనుకున్నాను. గూడూరులో టీ ఇప్పించాను, తాగాడు. మాట మాత్రం నోట్లోంచి రాలేదు.

మీ అమ్మ ఏమంటుందంటే, నేను చీరాల నుంచే నిద్రపోయానని. అబద్ధం. నెల్లూరు తర్వాత ఒక కునుకు తీసి ఉంటాను.

ఆ కుర్రాడు అన్నదానికి నువ్వు ఎందుకు బాధపడాలి? ఏడవడం మీవాడి పని. ఎనిమిది నెలలవాణ్ణి ఆగమంటే ఆగుతాడా? ఫోన్‌కైతే మీట ఉంది.

సరే, సంక్రాంతి సంగతి. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. మనకి వారంలో వస్తుంది, పొద్దున ఎనిమిదికల్లా కూర్చోకపోతే దొరకవు. రాత్రి బండి వద్దు. 2023 సంక్రాంతి నాడు మొదలైన వందేభారత్ ఉంది చూడు, మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాద్‌లో ఎక్కితే రాత్రి తొమ్మిదికి అటూ ఇటూగా ఇక్కడ ఉంటారు. కూర్చునే సీట్లే, కానీ వాణ్ణి ఎత్తుకుని నడవలో తిప్పొచ్చు. నిద్రబండే కావాలంటే తలుపుల పక్క బెర్తులు తీసుకోవద్దు, 30కీ 45కీ మధ్య అడుగు, కాస్త నెమ్మదిగా ఉంటుంది. నేనే వచ్చి తీసుకొస్తానన్నా సరే, ముందురోజు వచ్చేస్తాను, నాకేం పని లేదు. అల్లుడు గారికి సెలవు దొరక్కపోతే అదే మేలు కూడా.

మీ నానమ్మ చీరల్లో మెత్తబడినది ఒకటి మీ అమ్మ ఉతికి ఆరేసింది. దూలానికి కొక్కేలు బిగించాను, నేనే పట్టుకుని వేలాడి చూశాను. శాస్త్రిగారు కిటికీలోంచి చూసి నవ్వారు.

ఈ ఉత్తరం అందాక ఫోన్ చెయ్యి. వాడు పడుకున్నాక కాదు, లేచి ఉన్నప్పుడే చెయ్యి. ఏడిస్తే ఏడవనీ.

నాన్న

తా.క. స్వెట్టరు పార్సిల్ చేశాను. చెవులు కప్పే టోపీ కూడా ఉంది, మీ అమ్మకి చెప్పకు, ఆవిడ వేరేది అల్లుతోంది.