ప్రభుత్వ సైట్లు ఫోన్ తెరలో ఇమడాలి: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. రాజమండ్రిలో వెబ్‌సైట్లు తయారుచేసుకుంటూ బతుకుతున్నాను. ప్రభుత్వ సైట్లను ఫోన్‌లో తెరిచేవాళ్లు పడే అవస్థ మీ దృష్టికి తేవాలని ఈ లేఖ.

మా పక్కింటి అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఇంట్లో కంప్యూటర్ లేదు, ఉన్నది ఒక్క ఫోను. మొన్న ఒక శాఖ సైట్‌లో దరఖాస్తు నింపుతుంటే పక్కనే కూర్చుని చూశాను. పేజీ అంతా చీమ తలకాయంత అక్షరాలు. వేళ్లతో పెద్దది చేస్తే రాయాల్సిన గడి కనిపిస్తోంది గానీ, అందులో ఏం రాయాలో చెప్పే మాట తెర దాటి పోతోంది. మెనూ ఏమో మౌస్ పైన పెడితే తెరుచుకునే రకం. ఆధార్ నంబరు కొట్టాల్సిన చోట అక్షరాల కీబోర్డు వచ్చింది. ఓటీపీ కోసం మెసేజ్‌ల్లోకి వెళ్లి వచ్చేసరికి ఫారం మొత్తం ఖాళీ! గడువు దగ్గర పడుతోందన్న టెన్షన్‌లో చివరికి నెట్ సెంటర్‌కి పోయి, డబ్బులిచ్చి నింపించుకుంది.

అక్షరాలు అంత చిన్నగా కనిపించడానికి కారణం చాలా చిన్నది సార్. పేజీని తెర వెడల్పుకు తగ్గట్టు పరచమని చెప్పే వ్యూపోర్ట్ అనే ఒక్క లైను పేజీ కోడ్‌లో లేకపోతే, ఫోన్ బ్రౌజర్ దాన్ని కంప్యూటర్ పేజీ అనుకుంటుంది. దాదాపు 980 పిక్సెళ్ల (తెర కొలతకు వాడే చుక్కల) వెడల్పున పరిచి, 360 వెడల్పున్న తెరలోకి కుదించేస్తుంది. ఆ లైను పెట్టి, తెర ఇరుకైనప్పుడు గడులు ఒకదాని కింద ఒకటి సర్దుకునేలా రాయాలి. రెస్పాన్సివ్ డిజైన్ అనే ఈ పద్ధతి 2010 నుంచీ ఉంది. 320 పిక్సెళ్ల వెడల్పులో కూడా పక్కకు జరపకుండా చదవగలగాలని వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండటానికి 2018లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.1 చెబుతోంది. మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం జీఐజీడబ్ల్యూ మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి. కావాల్సినవన్నీ ఉన్నాయి, అమలు చేయించేవాళ్లే లేరు.

తెలుగు పేజీల సంగతి మరీ కష్టం. ఇంగ్లిష్ అక్షరాల కొలతతో వరుసలు పేర్చేస్తారు, కింద ఒత్తులు తెగిపోతాయి. ఇక స్కాన్ చేసి పెట్టిన జీవోల పీడీఎఫ్‌లైతే ఒక్కో లైనుకీ అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. అవి బొమ్మలు కాబట్టి ఏ తెరకూ సర్దుకోవు, చూపులేనివాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించడానికీ వీలుండదు. జీవోను టైపు చేసిన అక్షరాలతోనే, ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో పెడితే ఈ బాధ ఉండదు.

2025 జనవరిలో మీ ప్రభుత్వం మన మిత్ర ద్వారా వాట్సాప్‌లో సేవలు మొదలుపెట్టింది. మనుషులు వాడేది ఫోనే అని గుర్తించారు, మనస్ఫూర్తిగా సంతోషించాను. అదే ఆలోచన శాఖల సైట్లకూ రావాలి.

నేను అడిగేది ఒక్కటే. కొత్త సైట్‌కి బిల్లు పాస్ చేసేముందు, తక్కువ ధర ఫోన్‌లో, మొబైల్ డేటా మీద, తెలుగులో, ఒక దరఖాస్తును మొదటి నుంచి రసీదు చేతికొచ్చేదాకా నింపించి చూడండి. నింపేది ఆ కంపెనీ మనిషి కాకూడదు. ఆ సేవ అవసరమైన విద్యార్థో, రైతో, పెన్షనరో అయి ఉండాలి. వాళ్లు మధ్యలో ఆగిపోతే బిల్లు కూడా అక్కడే ఆపండి. ఇప్పటికే నడుస్తున్న సైట్లలో విద్యార్థులవి ముందు సరిచేయించండి, వచ్చే అడ్మిషన్ల లోపు.

ఇట్లు,
ఒక వెబ్ డిజైనర్,
రాజమండ్రి